ఫాల్గుణ యాత్రకు బట్టలు సర్దుకొనుట

మాఘము చివర శివరాత్రి గడచినతోడనే మన యిండ్లలో రెండు పనులు మొదలగును. కంబళ్లు, శాలువలు ఎండలో వేసి, దులిపి, మడతల నడుమ వేపాకు నుంచి అటకమీదికి చేర్చుట యొకటి. కాశీప్రయాగలకు టికెట్లు దొరకునా లేదా యని విచారించుట రెండవది. ఈ రెండును ఒకే వారములో జరుగుటయే చిక్కు. యాత్రకు కావలసిన వస్తువును అటక యెక్కించి, అక్కఱలేని వస్తువులతో పెట్టె నింపుకొని పోవు కుటుంబములు ఎన్నియో కలవు.

చలి శివరాత్రికి ‘శివశివా’ యనుచు పోవునని మన సామెత. గోదావరీ కృష్ణా తీరములకు ఇది చక్కగా సరిపోవును, గంగాతీరమునకు సరిపోదు. హైదరాబాదులో మార్చి నెలలో పగటి వేడిమి సుమారు 35 డిగ్రీలు, రాత్రి వేడిమి సుమారు 20 డిగ్రీలు ఉండును. అదే రోజులలో కాశిలో మధ్యాహ్నము 28, 30 డిగ్రీలున్నను, తెల్లవారుజామున 13, 14 డిగ్రీలకు దిగుట కలదు. హరిద్వారమున చలి యింకను హెచ్చు. అనగా అచ్చట ఒకే దినమున మన పుష్యమాసపు ప్రాతఃకాలమును, మన ఫాల్గుణమాసపు మధ్యాహ్నమును రెండును అనుభవింపవలసి యుండును. ఒక్క విధమైన బట్టలతో ఈ రెంటిని ఎదుర్కొన జూచువారికి సగము దినము ఉక్క, సగము దినము వణకు తప్పదు.

ఈ కాలమున యాత్రకు పోవువారెవరో కూడ ఆలోచింపవలెను. బడిపిల్లలకు పరీక్షలు దగ్గఱపడు రోజులు గనుక వారు, వారి తలిదండ్రులు ఇంట నిలిచిపోవుదురు. ఎక్కువగా బయలుదేరువారు అఱువదేండ్లు దాటిన పెద్దలు, బడి యీడు రాని పసివారు, వీరిని కనిపెట్టుకొని యుండుటకు వెంట బోవు కోడలో, కూతురో. చలికి త్వరగా లొంగువారు ముసలివారును పసివారునే. కనుక ఫాల్గుణ యాత్రకు బట్టలు సర్దుట యనునది వట్టి మడతల పని గాదు. అందఱి ఆరోగ్యమును అందులో నున్నది.

ఎవరి మాట వినవలెను?

ప్రయాణమునకు ముందు పోయివచ్చినవారిని సలహా లడుగుట మంచి యలవాటే. కాని వారు ఏ మాసమున పోయివచ్చిరో మొదట అడుగవలెను. 2023వ సంవత్సరమున ఏప్రిల్ 22 మొదలు మే 3 వఱకు జరిగిన గంగా పుష్కరములకు పోయివచ్చిన పిన్నిగారు, “కాశిలో నిప్పులు చెరిగినవమ్మా! పలుచని నూలుచీరలు తప్ప మఱేమియు వలదు” అందురు. 2025వ సంవత్సరమున జనవరి 13 మొదలు ఫిబ్రవరి 26 వఱకు జరిగిన ప్రయాగ మహాకుంభమేళాకు మొదటి దినములలో పోయివచ్చిన వదినెగారు, “రెండు కంబళ్లు కప్పుకొన్నను వణకు తగ్గలేదు” అందురు. ఇద్దఱును నిజమే చెప్పుదురు. ఫాల్గుణము ఆ రెంటి నడుమ నుండి, ఒకనాడు వదినెగారి మాటను, మఱునాడు పిన్నిగారి మాటను నిజము చేయును.

ఇట్లు నిలుకడ లేకుండుటకు కారణము కలదు. శీతకాలమునను వసంతారంభమునను మధ్యధరా సముద్ర ప్రాంతము నుండి గాలిలోని అలజడులు తూర్పుముఖముగా పయనించి, ఇరాను, ఆఫ్గనిస్తానముల మీదుగా మన దేశపు ఉత్తర భాగమును చేరును. ఇట్టి అలజడి వచ్చుటకు ముందు మబ్బు కమ్మును. మబ్బు దుప్పటివలె కప్పి భూమి వేడిమిని పైకి పోనీయదు గనుక ఆ రాత్రి వెచ్చగా నుండును. ‘చలి పోయినది’ అని మనము శాలువలను మడిచి పెట్టె అడుగున వేయుదుము. అంతలో జల్లు పడును. ఒక్కొక్కప్పుడు వడగండ్లును పడును. పిమ్మట ఆకాశము తేటపడి, వాయవ్యదిక్కు నుండి పొడిగాలి వీచును. మబ్బు లేదు గనుక పగలు పుట్టిన వేడిమి యంతయు రాత్రి ఆకాశములోనికి పోయి, తెల్లవారునప్పటికి చలి మరల పైబడును. కావున మబ్బు పట్టిన వెచ్చని రాత్రిని చూచి చలి వెడలిపోయినదని నమ్మరాదు. శాలువను అందుబాటులో నుంచుకొనవలసిన గుర్తు అదియే.

విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలోని సోదరీమణులకు ఈ సంగతి మఱింత వింతగా తోచును. సముద్రము నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లబడును గనుక తీరమున పగటికిని రాత్రికిని భేదము తక్కువ. సముద్రమునకు ఎంతో దూరముననున్న కాశిలో ఆ కాపుదల లేదు.

మఱియొక సంగతి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కాశీయాత్ర చేసికొని, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చిరి. పదునైదు నెలలకు పైబడిన ఆ ప్రయాణములో ఋతువులు ఆయన పరివారమునకు మెల్లమెల్లగా ఎదురువచ్చినవి. దేహము ఒక్కొక్క మజిలీలో కొంచెము కొంచెముగా అలవాటు పడినది. మనము సికింద్రాబాదులో రైలెక్కి మఱునాటికే గంగాతీరమున దిగుచున్నాము. విమానమున నైనచో రెండు గంటల పని. దేహమునకు అలవాటు పడు వ్యవధి లేదు. దారి మిగిల్చిన ఆ కాలమునకు బదులుగా బట్టలే మనకు సాయపడవలెను.

ఊరినిబట్టి గాక జామునుబట్టి

‘కాశికి ఏమి తీసికొని పోవలెను?’ అని యడుగుటకంటె ‘ఏ జామున ఎచ్చట నుందుము?’ అని యడుగుకొన్నచో పెట్టె తానే సర్దుకొనును. విశ్వేశ్వరుని మంగళహారతి తెల్లవారుజామున మూడు గంటలకు. దానికి అంతకు ముందే వరుసలో నిలువవలెను. ఆఱు గంటలకు గంగాస్నానము, లేదా పడవలో ఘట్టముల దర్శనము. తొమ్మిది గంటలకు ఎండ యెక్కును. పండ్రెండు గంటలకు సందులలో నడచువారికి చెమట పట్టును. సాయంకాలము దశాశ్వమేధ ఘట్టమున హారతికి మెట్లమీద కూర్చుండుసరికి నదిమీది గాలి మరల చల్లబడును. ఐదు వేళలకు ఐదు తీరుల బట్టలు మోసికొని పోలేము. కనుక వేసికొనుటకును విడుచుటకును సులభమైన పలుచని పొరలు కావలెను.

ఒక దళసరి కోటు కంటె రెండు మూడు పలుచని పొరలు మేలనుటకు హేతువు తేలికగనే తెలియును. బట్ట తానుగా వేడి పుట్టింపదు. దేహపు వేడిమిని దానిలో చిక్కుకొన్న గాలి నిలిపి యుంచును. ఉన్నిపోగులు వంకరలు తిరిగియుండును గనుక వాని నడుమ గాలి హెచ్చుగా నిలుచును. పొరకును పొరకును నడుమ కూడ కొంత గాలి నిలుచును. ఎండ యెక్కినకొలది ఒక్కొక్క పొరను విడువవచ్చును; దళసరి కోటు ఒక్కటే యైనచో ఉక్కను భరించుటయో, చలిని భరించుటయో తప్ప వేఱు దారి లేదు.

మొదటి పొర దేహమును అంటి యుండునది; చెమట పీల్చు నూలు రవిక చాలును. చేతులు మోచేయి దాటియున్న రవికలు రెండు కుట్టించుకొన్నచో చలికిని ఎండకును పనికివచ్చును. రెండవది పలుచని ఉన్ని స్వెట్టరు. ముందువైపు బొత్తములు గలదిగా నుండవలెను. తలమీదుగా తొడుగుకొను స్వెట్టరు చీర కట్టువారికి వీలుగా నుండదు. విడుచునప్పుడు జుట్టు చెదరును, పైట జారును. బొత్తముల స్వెట్టరును రవికమీద తొడిగి, పైటను దానిమీదుగా వేసికొన్నచో చూచుటకును పొందికగా నుండును. మూడవది శాలువ. ఇది గాలిని ఆపుటకు నేతలో దట్టముగా నుండవలెను, బరువుగా నుండనక్కఱలేదు.

చీర నడుము క్రింద కుచ్చిళ్లతో, మడతలతో వెచ్చగనే యుండును. మనకు చలి తగులు చోట్లు నాలుగు: చెవులు, మెడ, నడుము, పాదములు. చెవులకును మెడకును ఒక మఫ్లరు. నడుమునకు స్వెట్టరు దిగువ అంచు కప్పునంత పొడవు. పాదములకు బొటనవ్రేలు వేఱుగా నుండు మేజోళ్లు. ఈ మేజోళ్లతో చెప్పులు తొడుగుకొనవచ్చును. గుడివద్ద చెప్పులు విడిచినను తెల్లవారుజామున చల్లని ఱాతిపలకలమీద కాలు పెట్టుటకు భయపడనక్కఱలేదు. కీళ్లనొప్పులు గల పెద్దలు లంగా లోపల పలుచని అల్లిక పైజామా తొడుగుకొన్నచో మోకాళ్లకు ఎంతయో హాయి. ఇది బయటికి కనబడదు గనుక సంకోచింప బనిలేదు.

విశ్వేశ్వరుని ఆలయములోనికి సంచులను, ఫోనులను తీసికొనిపోనీయరు. కనుక దర్శనవేళ శాలువను సంచిలో నుంచి ప్రయోజనము లేదు, ఒంటిమీద నుండవలసినదే.

తడిబట్ట, పొడిబట్ట

గంగాస్నానము తడిచీరతో ముగియును. అసలైన అపాయము ఇచ్చటనే యున్నది. నూలుబట్ట తడిసినప్పుడు గాలి నిలువవలసిన సందులన్నియు నీటితో నిండి, బట్ట దేహమునకు అతుకుకొనును. ఆ నీరు ఆవిరి యగుటకు కావలసిన వేడిమిని మన దేహము నుండియే తీసికొనును. దానికి నదిమీది గాలి తోడైనచో పదినిమిషములలో పండ్లు కఱచుకొనిపోవును. కొంచెము తడిసిన ఉన్ని అట్లు గాదు; తన బరువులో మూడవవంతు వఱకు తేమను పోగులలోనికి పీల్చుకొనియు తాకుటకు పొడిగనే తోచును. మన పెద్దలు మడికి పట్టుబట్టతోపాటు ఉన్ని ధావళిని అంగీకరించుటలో చలినాటి ఉపకారము కూడ కలదు. ఇంట పాత ధావళి యున్నచో ఈ యాత్రలో అది తప్పక పనికివచ్చును. ఆచారమునకును ఆరోగ్యమునకును తగవు లేని చోట ఆ రెంటికిని తగవు పెట్టుకొని తడిచీరతో జపము చేయుట దేనికి?

స్నానమునకు పలుచని, ముదురు రంగు నూలుచీర మంచిది. అది త్వరగా ఆఱును, పిండుటకు సులభము, తడిసినను మఱుగుగా నుండును. జరీచీరలును దళసరి చేనేత చీరలును నీటిలో బరువెక్కి మెట్లమీద కాళ్లకు చుట్టుకొనును. పాచిపట్టిన మెట్లమీద ఇది ప్రమాదము. నైలాను, జార్జెట్టు చీరలు వేగముగా ఆఱునను మాట నిజమే. కాని మధ్యాహ్నపు ఎండలో చెమటను పీల్చవు. పైగా హారతుల వద్దను, గంగలో దీపములు విడుచునప్పుడును పైటకు నిప్పంటుకొన్నచో ఆ బట్ట కరగి చర్మమున కంటుకొనును. దీపముల దగ్గఱకు నూలో పట్టో కట్టుకొని, పైట చెంగును నడుమున దోపుకొని పోవుట మేలు.

బట్టలు మార్చుకొనుటకు గదులున్న రేవులలో వరుస లుండును. లేని రేవులలో ఒక స్త్రీ చుట్టును నలుగురు చీర పట్టుకొని నిలువవలసి వచ్చును. దీనికి ఒక సులభోపాయము కలదు. పాత దుప్పటిని చుట్టి, రెండు అంచులును కలిపి గొట్టమువలె కుట్టి, పై అంచును నాలుగు వ్రేళ్ల వెడల్పున మడిచి నాడా ఎక్కించవలెను. మెడ నుండి మడమల వఱకు దిగు ఈ తొడుగులో చేతులు లోపలనే యుంచుకొని, తడిచీర విడిచి పొడిచీర చుట్టుకొనవచ్చును. మూడు నిమిషముల పని. ఎవరి సాయమును అక్కఱలేదు. పాత దుప్పటి, మూరెడు నాడా తప్ప ఖర్చు లేదు. ఇల్లు విడువకముందు ఒకటి రెండుమాఱులు తొడిగి అలవాటు చేసికొన్నచో రేవున తడబాటు కలుగదు.

మూడు మూటలు

పెట్టె ఎంత పెద్దదైనను చలివేళ దాని అడుగున నున్న శాలువ లేనిదానితో సమానము. అందుచే సామానును మూడుగా విభజింపవలెను.

మొదటిది చేతిసంచి. రైలులో ఇది తలాపుననే యుండవలెను. ఇందులో స్వెట్టరు, మఫ్లరు, మేజోళ్లు, ఒక జత బట్టలు, మందులు, తువ్వాలు. మనవైపు రైలెక్కునప్పుడు ఎండ మండుచుండును గనుక పలుచని బట్టలతో ఎక్కుదుము. ఏసీ పెట్టెలో రైలువారు దుప్పట్లు, కంబళి, తలగడ ఇత్తురు గాని మామూలు స్లీపరు పెట్టెలో ఏమియు ఇయ్యరు. నాగపురము దాటి సాత్పురా కొండల ప్రాంతమున రాత్రిగాలి కిటికీసందులనుండి దూరునప్పుడు శాలువకై బల్ల క్రింది పెట్టెను లాగి, తాళము వెదకి, నిద్రించువారిని లేపుట కంటె దానిని తలక్రింద పెట్టుకొని పండుకొనుట సుఖము గదా!

చేతిసంచిలో ఒక చిన్న కొబ్బరినూనె సీసా యుంచుడు. తలకును, పొడిగాలికి పగిలిన పెదవులకును, మడమలకును పనికివచ్చుట యటుండగా, అది ఇల్లాండ్ర ఉష్ణమాపకము కూడ. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువన గడ్డకట్టును. తెల్లవారుజామున లేచి చూచునప్పటికి సీసాలోని నూనె తెల్లగా పేరియున్నచో ఆ పూట పసివానిని పలుచని చొక్కాతో వీధిలోనికి తీసికొనిపోరాదని తెలిసికొనవచ్చును.

రెండవది స్నానపు సంచి. స్నానపుచీర, మార్చుకొను తొడుగు, రెండు తువ్వాళ్లు, పొడిచీర, రవిక, లంగా, తడిబట్టలు పెట్టుటకు నీరు కారని సంచి. పొడిబట్టలను కట్టుకొను వరుసలోనే పైనుండి క్రిందికి పేర్చవలెను: మొదట తువ్వాలు, పిమ్మట లంగా, రవిక, చీర, చివర శాలువ. వణకుచున్న చేతులతో వెదకుకొను బాధ తప్పును. తడిచీరను పిండి, బసకు వచ్చినతోడనే ఆఱవేయవలెను. ఆ రోజుల మధ్యాహ్నపు ఎండ కఱకుగా నుండును గనుక పలుచని చీర మేడమీద త్వరగనే ఆఱును. తడిబట్టను పెట్టెలో మూసిపెట్టినచో మఱునాటికి ముక్కవాసన మిగిలిన బట్టలకును పట్టును.

మూడవది పెట్టె. ఎనిమిది దినముల యాత్రకు ఒక స్త్రీకి స్నానపు చీరలు రెండు, తిరుగుటకు నూలుచీరలు మూడు, పట్టుచీర యొకటి చాలును. రవికలు ఐదు, లంగాలు మూడు. ‘ఎందుకైన మంచిది’ అని పెట్టుకొను ఏడవ, ఎనిమిదవ చీరలే ఉన్ని బట్టల చోటును ఆక్రమించుకొనును. రైలువారు స్లీపరు, మూడవతరగతి ఏసీ పెట్టెలలో మనిషికి 40 కిలోలు, రెండవతరగతి ఏసీలో 50 కిలోలు ఉచితముగా తీసికొనిపోనిత్తురు. ఆ లెక్క రైలువారిది. మన లెక్క వేఱు: స్టేషనులోని వంతెన మెట్లు మీ పెట్టెతో మీరే యెక్కగలుగుదురా? ఎక్కలేనిచో రెండు చీరలు తీసివేయుడు. తన పెట్టె తాను మోసికొనగల స్త్రీ పరాధీనురాలు గాదు.

పసివారు, పెద్దవారు

పసివాని దేహము చిన్నది. బరువుతో పోల్చినచో చర్మము హెచ్చు. కనుక వేడిమి త్వరగా పోవును. తలకు టోపీ, పాదములకు మేజోళ్లు తప్పనిసరి. కాని భయముచే నాలుగు ఉన్నిబట్టలు తొడిగి కంబళిలో చుట్టుటయు తప్పే. చెమట పట్టి, ఆ చెమట ఆఱునప్పుడే చలి పట్టును. బిడ్డ చేతులు చల్లగానున్నంత మాత్రమున కంగారు పడనక్కఱలేదు. మెడవెనుక మీ వ్రేళ్లనుంచి చూడుడు. వెచ్చగా, పొడిగా నున్నచో బట్టలు సరిపోయినట్లే. తడిగా నున్నచో ఒక పొర తీయుడు. చల్లగా నున్నచో ఒక పొర వేయుడు.

పెద్దవారి విషయము వేఱు. వయసు పైబడినకొలది చలి తెలియుటయే తగ్గును. మామగారు ‘నాకు చలి లేదు’ అన్నప్పుడు ఆయన అబద్ధ మాడుటలేదు. దేహము చల్లబడుచున్నను ఆయనకు అది తెలియకపోవచ్చును. అందుచే పెద్దవారిని అడిగి ఊరకుండక, చేయి పట్టుకొని చూచి స్వెట్టరు తొడుగవలెను. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు చీకటితో చన్నీట మునుగక, ఎండ వచ్చిన పిమ్మట స్నానము చేయుట మేలు. హరిద్వారమున గంగ మంచుకొండలనుండి అప్పుడే దిగివచ్చును గనుక నీరు మఱింత చల్లన. ప్రయాణమునకు ముందు తమ వైద్యుని ఒకమాటు అడిగి పోవుట వివేకము. గంగ ఎనిమిది గంటలకును గంగయే.

ఇల్లాలి శాలువ

ఇంతవఱకు చెప్పినదంతయు సోదరీమణులలో పెక్కురకు కొంతయైన తెలిసినదే. తెలిసియు జరుగని పని ఒకటి కలదు.

ఫాల్గుణమాసపు ప్రాతఃకాలమున కాశీ ఘట్టములమీద ఏ తెలుగు కుటుంబమును చూచినను సంగతి బోధపడును. మామగారికి కోటు, తలపాగా; అత్తగారికి కంబళి; పిల్లవానికి టోపీ, స్వెట్టరు; భర్తకు మఫ్లరు. ఈ బట్టలన్నియు సర్దిన స్త్రీ తడిచీరలను పిండుచు, పైటచెంగును భుజములచుట్టు బిగించుకొని నిలుచుండును.

“అమ్మాయీ, నీ శాలువ యేదే?” అని అత్తగారడుగుదురు.

“పిల్లవానికి చుట్టితిని, అత్తయ్యగారూ. నాకు చలి లేదులెండి” అని కోడలి జవాబు.

మామగారికి నిజముగనే చలి తెలియక ఆ మాట అనవచ్చును. ఈమెకు తెలిసియే ఆ మాట అనును. ఇది యెట్లు జరుగుచున్నదో చూతము. పెట్టె సర్దునప్పుడు ఆమె అందఱివియు లెక్కించి, చివరకు మిగిలిన చోటులో తన శాలువ నుంచుకొనును. అప్పుడును దానిని తనదని తలపక, ‘ఎవరికైన అక్కఱకు వచ్చును’ అని తలచును. ఆ తలపుతోనే అది కుటుంబమున కంతకును అత్యవసరపు నిధి యైపోయినది. జల్లు కురిసినను, పిల్లవాడు పాలు కక్కినను, ముసలమ్మకు వణకు పుట్టినను మొదట పోవునది ఆ శాలువయే.

ఆమె జ్వరపడినచో యాత్ర యంతయు నిలిచిపోవును, అందఱికిని ఇబ్బంది కలుగును, గనుక ఆమె జాగ్రత్త పడవలెనని చెప్పుట సులభము. నేను ఆ కారణము చెప్పను. పనిచేయు చేతులు చెడిపోకుండ కాపాడుకొనుమని చెప్పినట్లుండును. ఆమెయు యాత్రకు వచ్చినది. గంగను చూచుటకు, సూర్యోదయమున ఘట్టములు బంగారు రంగు దాల్చుట చూచుటకు, తన కోరికలు తాను చెప్పుకొనుటకు వచ్చినది. వణకుచున్న మనిషికి చలి తప్ప మఱేమియు కనబడదు. ఎన్నియో యేండ్లు కాచుకొన్న ఆ ఉదయము ఆమెకు దక్కవలెను.

దీనికి మందు ఉపన్యాసములలో లేదు, లెక్కలో నున్నది. ప్రయాణికులు ఐదుగురైనచో శాలువలు ఆఱు తీసికొనిపొండు. ఆఱవది ఉమ్మడి శాలువ. దానికి ఒక మూల ఎఱ్ఱదారముతో గుర్తు కుట్టుడు. ఎవరికి తడిసినను, ఎవరికి చాలకున్నను ముందు అది పోవలెను గాని ఇల్లాలిది పోరాదు. ఒక పలుచని శాలువ బరువు అరకిలోకు మించదు. పైన చెప్పిన ఎనిమిదవ చీరను తీసివేసినచో దానికి చోటు దొరకును. ఇల్లాండ్ర త్యాగబుద్ధిని మాన్పుటకు ప్రయత్నించి ఓడిపోవుట కంటె, త్యాగము చేయవలసిన అవసరమునే తొలగించుట తెలివి.

రెండవది, వరుస మార్చుట. సర్దువారు తమ చేతిసంచిని మొదట సర్దుకొనవలెను. మొదట సర్దినదానికి చోటు తగ్గదు. పదియేండ్లు దాటిన ప్రతివారును, పురుషులును, తమ తమ చేతిసంచిని తామే సర్దుకొందురు గాక! ఏమేమి కావలెనో ఒక కాగితమున వ్రాసి గోడకు అంటించినచో చాలును. ఆ పట్టికలో మొదటి పేరు ఇల్లాలిది కావలెను. మొదటిసారి ఎవరో మేజోళ్లు మఱచిపోవుదురు. ఒక తెల్లవారుజామున పాదములు చల్లబడినచో రెండవసారి మఱువరు.

మూడవది మిగిలినవారు చేయవలసినది. రేవునుండి బయలుదేరుటకు ముందు ఇంటిపెద్ద ‘అందఱును సిద్ధమా?’ అని యడుగుట వాడుక. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడును ఇల్లాలే చెప్పును, అందఱి పక్షమునను. ఇకమీదట ఎవరైన ఆమెనే చూచి ‘నీవు కప్పుకొంటివా?’ అని యడుగవలెను. కూతుండ్రు అడిగిన మంచిది. కుమారులు అడిగిన మఱియు మంచిది.

ఈ యేడు ఫాల్గుణమున ఉత్తరదేశమునకు పోదలచిన సోదరీమణులు ఉగాది వెళ్లువఱకు శాలువలను అటక యెక్కింపకుందురు గాక. చీరలు తగ్గించి పొరలు పెంచుకొనుడు. మబ్బు రాత్రిని నమ్మకుడు. తడిచీరతో గాలిలో నిలువకుడు. ఆఱవ శాలువను మఱువకుడు. క్షేమముగా పోయి లాభముగా రండు.